ఇన్‌స్పెక్టరమ్మ కోపం

నేను రోజూ చేసుకునే ప్రార్థనలో సగం ఫలం ఒక కోడిపెట్టకు చెందాలి. ఈ మాట మా ఆవిడతో అంటే, "మిగతా సగమైనా మీ పేర రాశారో లేదో ముందు కనుక్కోండి" అంది.

సంగతేమిటంటే, తెల్లవారుతూనే నేను పెరట్లో కోళ్ళ గూటి పక్కన ముక్కాలి పీట వేసుకుని కళ్ళు మూసుకుంటాను. ఇంట్లో కూర్చోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. మా ఆవిడ దర్జీ. ఆమె కుట్టు మిషను ఆ వేళకే మొదలవుతుంది. ఆ చప్పుడులో దేవుడికి నా మాట వినిపించినా నాకు వినిపించదు. అందుకని పెరట్లోకి వచ్చాను. వచ్చాక ఇంకో చిక్కు తెలిసింది. నేను గడియారాలు బాగుచేసేవాణ్ణి. పగలంతా ఒక కంటికి అద్దం తగిలించుకుని, ఆవగింజంత చక్రాలను చిమటాతో పట్టుకుని కూర్చుంటాను. అలాంటి కళ్ళకు మూసుకోవడానికి అనుమతి దొరికితే ఊరుకుంటాయా. ఎన్నో ఏళ్ళపాటు నేను "నా తప్పులు మన్నించు" అనేదాకా వచ్చి, ఆ తప్పులేమిటో చెప్పకుండానే గురక పెట్టినవాణ్ణి.

ఆ తర్వాత మా పెరట్లోకి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. నల్లటి ఒళ్ళు, మెడ దగ్గర రాగిరంగు, లావుపాటి పెట్ట. నడిచేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకున్నట్టు నడుస్తుంది. తొట్టిలో నీళ్ళు చూస్తుంది, గింజలు చూస్తుంది, గూటి తలుపు గొళ్ళెం చూస్తుంది, ఏదీ బాగాలేదన్నట్టు తల అడ్డంగా తిప్పి వెళ్తుంది. ఆ పేరు పెట్టింది మా ఆవిడే. మొదటిరోజే ఈ ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి నా ఎడమ పాదం పక్కన కూర్చుంది. నా తల ముందుకు వాలగానే బొటనవేలి మీద ఒక్క పోటు పొడిచింది. నేను ఉలిక్కిపడి, ఎక్కడ ఆపానో అక్కణ్ణించి ప్రార్థన అందుకున్నాను. రెండేళ్ళు ఇదే పద్ధతి. ఆ రెండేళ్ళలో నేను ప్రార్థన చివరిదాకా చేయని రోజు లేదు. నా బొటనవేలే సాక్ష్యం.

ఆ పెట్టతో కలిపి మొత్తం అయిదు. బూడిదరంగుది ఒకటి, ఎవరు ఎవరో మాకే తెలియని గోధుమరంగు కవలలు ఇద్దరు, అందరికంటే చిన్నది చిట్టి. చిట్టి మా ఆవిడ పక్షం. మధ్యాహ్నం వేళ కుట్టు మిషను కిందికి వెళ్ళి గుడ్డపీలికల మీద పడుకుంటుంది. మా ఆవిడ పెడలు తొక్కే పాదానికి, చిట్టి తోకకూ మధ్య అంగుళం కూడా ఉండదు. ఇద్దరికీ భయం లేదు.

మూడో ఏడు ఎండాకాలంలో ఇన్‌స్పెక్టరమ్మకు కోపం పట్టుకుంది.

మొదట బూడిదదాన్ని తొట్టి దగ్గరికి రానివ్వలేదు. తర్వాత కవలల తోకలు పీకింది. ఆ తర్వాత చిట్టి వెంట పడింది. కనబడితే చాలు, వెనకనుంచి వీపు మీద పొడవడమే. నెల తిరిగేసరికి చిట్టి వీపు బోడి అయిపోయింది. ఎర్రగా, అరచేయంత మేర ఈక లేదు. గుడ్లు కూడా రోజుకు రెండే వస్తున్నాయి. ఒకనాడు చిట్టి ఒంటి మీద రక్తం చుక్క చూసి మా ఆవిడ మిషను ఆపేసింది. ఆమె మిషను ఆపిందంటే ఇంట్లో ఎవరికో మూడిందన్నమాట.

"ఏమండీ, మీ భక్తురాలిని పంపించేయాలి" అంది.

"ఎక్కడికి?"

"మా చెల్లెలి ఇంటికి. మరిది ఎప్పట్నించో అడుగుతున్నాడు."

మా తోడల్లుడు ఒక పెద్ద ఫ్యాక్టరీ క్యాంటీనులో వంటవాడు. అతను కోడిని ఎందుకు అడుగుతాడో వేరే చెప్పక్కరలేదు.

"అతను దాన్ని పెంచుకుంటాడంటావా?" అన్నాను.

"పెంచుతాడు. ఓ పూట."

నేను చాలా బతిమాలాను. చివరికి పదిహేను రోజులు గడువు దొరికింది. పదిహేనో రోజు ఆదివారం. ఆ రోజు మరిది బుట్టతో వస్తాడు. అందరి ముందూ ఒకే పళ్ళెంలో గింజలు పోస్తారు. ఇన్‌స్పెక్టరమ్మ చిట్టిని పొడవకుండా పక్కన తిననిస్తే ఉంటుంది, పొడిచిందా, బుట్టలోకి. మా ఆవిడ షరతు పెడితే కొలతలతో సహా పెడుతుంది.

మర్నాడు ప్రార్థనలో దేవుణ్ణి అడిగాను. దేవుడా, ఈ పెట్టకు ముక్కు ఇచ్చింది నువ్వే. దాన్ని నా వేలి మీద వాడితే భక్తి, చిట్టి వీపు మీద వాడితే పాపం. ఇంతలో ఏం తేడా వచ్చింది? జవాబుగా బొటనవేలి మీద పోటు వచ్చింది. నేను నిద్రపోలేదు కూడా. అదీ కొత్తే. ఊరికే పొడిచింది.

ముందుగా పశువుల డాక్టరమ్మను పిలిచాం. వయసులో చిన్నది, నన్ను బాబాయ్‌గారూ అంటుంది. అయిదింటినీ ఒక్కొక్కటిగా చంకలో పెట్టుకుని, తోక కింద, రెక్కల కింద ఈకలు విడదీసి చూసింది. ఇన్‌స్పెక్టరమ్మ వంతు వచ్చినప్పుడు డాక్టరమ్మ చేతి మీద రెండు గాట్లు పడ్డాయి.

"ఒంటి మీద పేలు లేవు బాబాయ్‌గారూ. కానీ దీని తురాయి చూడండి, పాలిపోయింది. రక్తం తక్కువగా ఉంది. ఒకసారి గూడు చూడాలి. పగలు కనబడని పురుగులుంటాయి కొన్ని."

ఇక్కడ నేను ఒక తప్పు చేశాను. నాకు రోషం వచ్చింది.

"మా గూట్లో పురుగులా? వారం వారం నేనే సబ్బునీళ్ళతో కడుగుతాను. గడియారం పెట్టెలాగా ఉంటుంది లోపల" అన్నాను. అది అబద్ధం కాదు. ఆ గూడు నిజంగానే గడియారం పెట్టె. ఒకాయన మనిషెత్తు గడియారం తెచ్చి, యంత్రం మాత్రం తీసుకుని చెక్కపెట్టె నాకే వదిలేశాడు. దాన్ని అడ్డంగా పడుకోబెట్టి, కాళ్ళు బిగించి, లోపల కోళ్ళు ఎక్కి పడుకోవడానికి అడ్డకర్ర వేశాను. అద్దం తలుపు కూడా ఉంది. కోళ్ళు లోపల నిలబడి టైము చెప్తున్నట్టుంటాయి.

"అయితే సరేలెండి" అని డాక్టరమ్మ నవ్వి, చిట్టి వీపుకు పూత మందు ఇచ్చి, తోడుగా ఒక సలహా ఇచ్చింది. "పుండు కనబడితే మిగతావీ పొడుస్తాయి. వీపు కప్పి ఉంచండి."

వీపు కప్పడమంటే మా ఆవిడకు పని దొరికినట్టే. బడిపిల్లల యూనిఫాం గుడ్డ మిగిలి ఉంది, నీలం గళ్ళది. టేపు తీసి చిట్టికి కొలతలు తీసుకుంది. మెడ, వీపు, రెక్కల కింద పట్టీలు.

"చంక దగ్గర కొంచెం వదులు పెట్టనా?" అని అడిగింది.

"నన్నా?" అన్నాను.

"దాన్ని."

సాయంత్రానికి చిట్టికి కోటు తయారైంది. వెనక చిన్న తెల్ల బొత్తాం. చిట్టి ఆ కోటు వేసుకుని పెరట్లోకి బడికి ఆలస్యమైనట్టు పరుగెత్తింది. ఇన్‌స్పెక్టరమ్మ ఆగి చూసింది. తల ఇటు తిప్పి ఒక కంటితో చూసింది, అటు తిప్పి ఇంకో కంటితో చూసింది. తర్వాత నేరుగా వెళ్ళి బొత్తాం పీకి మింగేసింది.

బొత్తాం లేకుండా రెండో కోటు కుట్టింది మా ఆవిడ. వీపు దక్కింది గానీ పోట్లు మెడ మీదికి మారాయి. పైగా కొత్త బట్ట చూసి కవలలకు కూడా కుతూహలం పుట్టింది. వాళ్ళిద్దరూ చెరో వైపునుంచి కోటు అంచు పట్టుకుని లాగుతుంటే మధ్యలో చిట్టి గిర్రున తిరిగేది.

"మీరేం చేస్తున్నారు మరి?" అంది మా ఆవిడ. "కోట్లు కుట్టేది నేను, వకాల్తా పుచ్చుకున్నది మీరు."

నేనూ ఊరుకోలేదు. కోపిష్టి కోళ్ళకు ముక్కు మీద చిన్న తెరలు తగిలిస్తారని, ఎదుట ఉన్నది కనబడకపోతే గురిచూసి పొడవలేవని ఒక ఖాతాదారు చెప్పాడు. పాత వాచీ పట్టీ తోలు కత్తిరించి, సన్నటి క్లిప్పుతో రెండు రెక్కలు అమర్చాను. ఎక్కడా గుచ్చుకోకుండా, బరువు లేకుండా. నా చేతిపని గురించి నేను చెప్పుకోకూడదు గానీ, అది బాగా కుదిరింది. అది పెట్టుకుంటే ఇన్‌స్పెక్టరమ్మ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని దస్త్రాలు చూసే అధికారిలా ఉంది.

పక్కలు కనబడుతున్నాయి, ముందు కనబడటం లేదు. అయినా ఆమె నడక మార్చుకోలేదు. అదే ఠీవి. నేరుగా వెళ్ళి నీళ్ళ తొట్టిలో పడింది. లేచి, తొట్టిదే తప్పన్నట్టు దులుపుకుని, నేరుగా వెళ్ళి మెట్టుకు గుద్దుకుంది. చిట్టి ఉన్న చోటికి ఒక అడుగు ఎడంగా గాలిని పొడిచింది, చాలా నమ్మకంగా. చిట్టి ఆ పక్కనే నిలబడి చూస్తూ ఉంది. మా ఆవిడ నోటినిండా గుండుసూదులు పెట్టుకుని నవ్వింది. నవ్వకూడదని చెప్తూనే నవ్వింది.

నాకు మాత్రం మర్నాటి ప్రార్థన పోయింది. నేను మూడో వాక్యానికే తూగాను. ఇన్‌స్పెక్టరమ్మ తన విధి మరిచిపోలేదు. కానీ వేలు కనబడక పీట కాలిని పొడిచింది. ఒకసారి కాదు, టకటకా ఏడెనిమిదిసార్లు. పీట కాలు నిద్రపోదు కదా. నేను పోయాను. పొద్దెక్కాక మా ఆవిడ లేపితే, ముందుగా ఆ తోలు తెరలు తీసేశాను. కళ్ళు కట్టి మంచిదాన్ని చేస్తే అది మంచితనమేనా అని కూడా ఒక మూల అనిపించింది.

ఇక మిగిలింది జైలు. డాక్టరమ్మ ఫోనులో చెప్పింది. పొడిచేదాన్ని మూడు రోజులు విడిగా ఉంచితే మిగతావి లేచి నిలబడతాయట, తిరిగి వచ్చాక దాని పెత్తనం తగ్గుతుందట. వంటింట్లో ఒక మూల పెద్ద గంప బోర్లించి, కింద ఇసుక పోసి ఇన్‌స్పెక్టరమ్మను అందులో పెట్టాం. అరిచి గోల చేస్తుందనుకున్నాం. మా ఆవిడ చెవుల్లోకి దూది కూడా సిద్ధం చేసుకుంది.

అరవలేదు. నిద్రపోయింది.

మామూలు నిద్ర కాదు. కాళ్ళు చాపుకుని, మెడ పక్కకు వేసి, ఎండలో ఆరేసిన తువ్వాలులా పడుకుంది. చచ్చిపోయిందేమోనని నేను గంప ఎత్తి చూశాను. ఒక కన్ను తెరిచి, తలుపు వేయమన్నట్టు చూసి, మళ్ళీ మూసుకుంది. లేచినప్పుడు తింది, ఇసుకలో దొర్లింది, మళ్ళీ పడుకుంది. మూడు రోజులూ అంతే.

"అత్తారింటికొచ్చిన అల్లుడిలా ఉంది" అంది మా ఆవిడ. "ఇది శిక్షా, సెలవా?"

నాలుగో రోజు ఉదయం పెరట్లో వదిలాం. నేను చూశాను. ఇన్‌స్పెక్టరమ్మ తొట్టి చూసింది, గొళ్ళెం చూసింది. చిట్టి ఎదురొస్తే పక్కకు తప్పుకుని దారిచ్చింది. రోజంతా ఒక్క పోటు లేదు. సాయంత్రం అయిదూ వరసగా గూట్లోకి వెళ్ళాయి. ఆ రోజు నేను భోజనం దగ్గర కాస్త గొప్పగా మాట్లాడాను. ఓర్పు గురించీ, మార్పు గురించీ. మా ఆవిడ వింటూ మజ్జిగ పోసింది గానీ ఒప్పుకోలేదు.

మర్నాడు ప్రార్థనలో కళ్ళు మూసుకోకముందే నా వేలి మీద పోటు పడింది. ఆ వెనకే చిట్టి కేక వినిపించింది. కవలలు ఒకరు కంచె మీద, ఒకరు బట్టల తాడు మీద ఉన్నారు. ఇన్‌స్పెక్టరమ్మ తురాయి పాలిపోయి, ఈకలన్నీ లేపుకుని, పెరడంతా తన మీదికి వచ్చినట్టు నిలబడి ఉంది.

"అయిపోయింది మీ ఓర్పు" అంది మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి. ఆమె గొంతులో వెటకారం లేదు. నా ముఖం చూసి ఉంటుంది. "మూడు రోజులుంది ఆదివారానికి. నేను కావాలని అనడం లేదండీ. చిట్టి బతకాలి కదా."

నేను దుకాణానికి వెళ్ళాను. పని తోచలేదు. బల్ల మీద ఒక గోడ గడియారం ఉంది. ఆ గడియారం నా దగ్గరికి రావడం అది మూడోసారి. నా బల్ల మీద నాలుగు రోజులు పెడితే నిమిషం తప్పదు. తీసుకెళ్ళి వాళ్ళ గోడకు తగిలిస్తే ఆగిపోతుంది. పోయినసారి నేనే ఆ ఇంటికి వెళ్ళి చూసి వచ్చాను. వాళ్ళ మేకు వంకరగా ఉంది, మార్చమన్నా మార్చలేదు. గడియారం పక్కకు ఒరిగి లోలకం పెట్టెకు తగులుతోంది. నా పనిలో ఇది మొదట నేర్పే పాఠం: బల్ల మీద బాగా నడిచి, గోడ మీద ఆగితే గడియారాన్ని విప్పకు, గోడ చూడు.

చేతిలో చిమటా అలాగే ఉండిపోయింది. వంటింట్లో మూడు రోజులు బాగా నడిచిందెవరు? గూట్లో ఒక్క రాత్రి గడిపి ఆగిపోయిందెవరు?

మధ్యాహ్నమే దుకాణం మూసి ఇంటికి వచ్చాను. మా ఆవిడ ఏమిటని అడిగినా చెప్పకుండా తెల్లకాగితం ఒకటి తీసుకుని, కంటికి అద్దం తగిలించుకుని గూటి అద్దం తలుపు తీశాను. అడ్డకర్ర మీద కాగితం రుద్దాను. మట్టి అంటింది, అంతే. రెండో పక్క రుద్దాను. అక్కడ ఆగాల్సి వచ్చింది.

ఆ పక్కన, ఇన్‌స్పెక్టరమ్మకు వయసు మీద పడిందని, పాదాలు నొప్పి పుడతాయని, నేను కర్ర చివర జానెడు మేర మెత్తటి ఉన్నిగుడ్డ చుట్టి ఉంచాను. వాచీలు దొర్లకుండా సొరుగుల్లో పరిచే పచ్చ గుడ్డ అది. ఇన్‌స్పెక్టరమ్మ రోజూ పడుకునేది దాని మీదే, ఇంకెవరినీ ఎక్కనివ్వదు. గూడు వారం వారం కడిగేవాణ్ణి, నిజమే. ఆ గుడ్డ మాత్రం తడవకుండా ప్లాస్టిక్ సంచి చుట్టి, చుట్టూ కడిగేవాణ్ణి. ఉన్నిగుడ్డ తడిస్తే పాడవుతుంది. ముప్ఫై ఏళ్ళ అలవాటు.

గుడ్డ కింద కాగితం పెట్టి వేలితో నొక్కాను. కాగితం మీద ఎర్రటి గీత పడింది.

అద్దంలోంచి చూశాను. గుడ్డ నడుస్తోంది. నా చేతికి దొరికే అతి చిన్న చక్రం పళ్ళకంటే చిన్న పురుగులు, కొన్ని బూడిదరంగు, తాగినవి ఎరుపు. వందలు. వేలేమో. మడతల్లో కాపురాలు పెట్టి, పిల్లలను కని, మనవలను ఎత్తుకుని ఉన్నాయి.

"ఏమే" అని పిలిచాను.

మా ఆవిడ వచ్చి అద్దం తీసుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"ఇవి రోజూ దాన్ని..." అని ఆగింది. చేతులు గీరుకుంది. "అందుకా మీరు నాలుగు రోజులుగా పీట మీద కూర్చుని వీపు గోక్కుంటున్నారు? భక్తి పారవశ్యం అనుకున్నాను."

డాక్టరమ్మకు ఫోను చేశాను. ఆమె నేను చెప్పిందంతా విని, "చెప్పాను కదా" అనలేదు. అందుకే ఆ పిల్లంటే నాకు గౌరవం. పగలు చెక్క సందుల్లో, గుడ్డ మడతల్లో దాక్కుని చీకటి పడ్డాక వచ్చి రక్తం తాగి పోతాయట. అందుకే ఒంటి మీద చూస్తే దొరకలేదు. నెలన్నరగా నిద్రలేకుండా, రక్తం ఇస్తూ పడుకున్న ప్రాణికి పొద్దున్నే కోపం రాక ఏం వస్తుంది? ఉత్త కర్ర మీద పడుకున్న మిగతా నాలుగింటికి ఆ బాధ తక్కువ. గూట్లో అన్నిటికంటే మంచి చోటు అది. అక్కడే అన్నిటికంటే పెద్ద నరకం. ఆ పరుపు వేసింది నేను.

"గుడ్డ కాల్చేయండి. గూడు ఖాళీ చేసి మరిగే నీళ్ళు పోయండి, సందుసందుకీ. ఎండలో ఆరనివ్వండి. నేను పొడి పంపిస్తాను, సందుల్లో చల్లండి. వారం తర్వాత మళ్ళీ ఇదంతా చేయాలి, గుడ్లు పొదిగి కొత్తవి వస్తాయి. పెరట్లో బూడిద, ఇసుక కలిపి ఒక గుంటలో పోయండి, దొర్లుతాయి" అంది డాక్టరమ్మ.

మా ఆవిడ బట్టలు ఉడకబెట్టే గుండిగలో నీళ్ళు మరిగించింది. నేను గిన్నె పట్టుకుని గూటి ముందు నిలబడ్డాను. చేయి ముందుకు పోలేదు.

"ఏమైంది?"

"వీటినీ ఆయనే చేశాడు కదా" అన్నాను. "ఎందుకు చేసి ఉంటాడు?"

"నీళ్ళు చల్లారిపోతున్నాయి."

"కాదు, ఒక్క మాట. పిల్లాపాపలతో ఉన్నాయి."

"ఏమండీ, ఆయన్ని నేను అడిగి పెడతాను. మీరు పోయండి."

మన్నించండి అని పురుగులతో ఒకసారి చెప్పి పోశాను. ఎవరు ఎవరికి క్షమాపణ చెప్పాలో నాకు ఇప్పటికీ సరిగా తేలలేదు. ఇన్‌స్పెక్టరమ్మ మెట్టు మీద నిలబడి మొత్తం పని చూసింది. ఒక సందు వదిలేస్తే గొంతులో గుర్రుమంది. ఆ సందులోనూ పోశాను. ఆ రాత్రి అయిదింటినీ వంటింట్లో ఉంచాం. మర్నాటికి గూడు ఆరింది, పొడి చల్లాం, ఉత్త కర్ర బిగించాం. ఇక పరుపు లేదు.

గడువులో రెండు రాత్రులే మిగిలాయి. నెలన్నర చెడ్డ అలవాటు రెండు రాత్రుల్లో పోతుందా? నాకు తెలియదు. మా ఆవిడ తెలిసినా చెప్పలేదు. షరతు మాత్రం మార్చలేదు. శనివారం ఒకసారి ఇన్‌స్పెక్టరమ్మ చిట్టి మీదికి మెడ చాచింది. ఏమనుకుందో, మెడ వెనక్కి తీసుకుంది. నేను దాన్ని లెక్కలో వేసుకోవాలా వద్దా అని రోజంతా ఆలోచించాను.

ఆదివారం తోడల్లుడు వచ్చాడు. చేతిలో మూత బుట్ట, లోపల గడ్డి. అతను మంచివాడే. ఎదుటివాడి బాధ చూసి జోకులు వేసేంత మంచివాడు.

"అన్నయ్యా, ముఖం అలా పెట్టావేంటి? నేను దాన్ని గౌరవంగా చూసుకుంటాను. మూడు పూటలా మసాలా రాస్తాను."

"మరిదీ, కాస్త ఆగు" అంది మా ఆవిడ. "ముందు పరీక్ష."

ఆమె పళ్ళెంలో గింజలు పోసి పెరటి మధ్యలో పెట్టింది. తను స్టూలు వేసుకుని, మెడలో టేపుతో న్యాయమూర్తిలా కూర్చుంది. నేను నిలబడ్డాను.

ఇన్‌స్పెక్టరమ్మ తన హక్కుగా ముందు వచ్చింది. బూడిదది, కవలలు దూరంగా వచ్చి ఆగారు. చివరికి చిట్టి, నీలం గళ్ళ కోటులో, వెనకనుంచి మెల్లగా వచ్చి పళ్ళెం అంచున నిలబడింది. ఇన్‌స్పెక్టరమ్మ తినడం ఆపింది. తల ఎత్తింది. కోటు వైపు చూసింది. నా కంటికి అద్దం లేకుండానే కనబడింది, కోటు వెనక కుట్టు దగ్గర ఒక దారం వేలాడుతోంది.

"దారం" అన్నాను లోగొంతుకతో.

"కనబడింది" అంది మా ఆవిడ. ఆమె ముఖం ఎర్రబడింది. ఆమె జీవితంలో దారం వేలాడే బట్ట ఇవ్వలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ ముక్కుతో ఆ దారం పట్టుకుంది. లాగింది. దారం వచ్చింది. ఇంకా లాగింది. ఇంకా వచ్చింది. చిట్టి తన పాటికి తాను తింటోంది. ఇన్‌స్పెక్టరమ్మ దారం పట్టుకుని వెనక్కి నడిచింది, ఒక అడుగు, రెండు అడుగులు, మూడు. కుట్టు మొత్తం టపటపా ఊడి, కోటు జారి నేల మీద పడింది. చిట్టి బోడి వీపు ఎండలోకి వచ్చింది.

తోడల్లుడు బుట్టతో ఒక అడుగు ముందుకు వేశాడు.

ఆ వీపు మీద ముళ్ళలాంటి కొత్త ఈకలు వరసగా మొలుస్తున్నాయి. ఇన్‌స్పెక్టరమ్మ దారం వదిలేసి దగ్గరికి వచ్చింది. ఒక కంటితో చూసింది. తల తిప్పి రెండో కంటితో చూసింది. మెడ చాచింది. నేను కళ్ళు మూసుకున్నాను. ప్రార్థన అనుకోండి, పిరికితనం అనుకోండి.

"తెరవండి" అంది మా ఆవిడ.

తెరిచాను. ఇన్‌స్పెక్టరమ్మ చిట్టి పక్కన నిలబడి గింజలు తింటోంది. రెండు తోకలూ తగులుతున్నాయి.

తోడల్లుడు బుట్ట వైపు, మా ఆవిడ వైపు చూశాడు. "వదినా, అది ఇప్పుడు తింటోంది గానీ..."

"దర్జీ కుట్టు ఊడితే దర్జీదే తప్పు, కోడిది కాదు" అంది మా ఆవిడ. "పొడిచిందా? పొడవలేదు. ఉంటుంది." తర్వాత నా వైపు తిరిగి, "కానీ ఆ దారం సంగతి బయట ఎవరికీ చెప్పకండి" అంది.

తోడల్లుడు నిట్టూర్చి బుట్ట కింద పెట్టాడు. మేం మాటల్లో ఉండగా ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి బుట్ట చుట్టూ ఒకసారి తిరిగి తనిఖీ చేసింది. మూత తోసింది. తనంత తానే లోపలికి దిగి గడ్డి మీద కూర్చుంది.

"చూశావా అన్నయ్యా, అదే నాతో వస్తానంటోంది" అని అతను మూత మీద చేయి వేశాడు. వెంటనే తీసేశాడు. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు.

"అది లెక్కలోకి రాదు" అంది మా ఆవిడ.

పావుగంట తర్వాత ఇన్‌స్పెక్టరమ్మ బుట్టలోంచి లేచి, దులుపుకుని, పెరడంతా వినబడేలా అరుస్తూ వెళ్ళిపోయింది. గడ్డిలో గుడ్డు ఉంది, వెచ్చగా. నెలన్నర తర్వాత అది పెట్టిన మొదటి గుడ్డు. బుట్ట ఖాళీగా పంపడం బాగుండదని మా ఆవిడ ఆ గుడ్డుతోనే మరిదిని సాగనంపింది. అతను బుట్టను రెండు చేతులతో పట్టుకుని, అందులో ఏదో పెద్ద వస్తువు ఉన్నట్టు నడుచుకుంటూ వెళ్ళాడు.

ఇప్పుడు చిట్టి వీపు నిండింది. వారానికోసారి తెల్లకాగితంతో కర్ర రుద్ది చూస్తాను. కాగితం తెల్లగా వస్తే దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటాను. ఎందుకో నాకూ తెలియదు.

ఒక్కటే ఇబ్బంది. మొన్న మా ఆవిడ టీ తెచ్చి చూస్తే, నేను పీట మీద గడ్డం గుండెకు ఆనించి గురక పెడుతున్నానట. నా ఎడమ పాదం మీద ఇన్‌స్పెక్టరమ్మ, కాళ్ళు చాపి, మెడ పక్కకు వేసి, నాకంటే గట్టిగా నిద్రపోతోందట. కడుపునిండా నిద్రపోవడం నేర్చుకున్న ప్రాణి ఇక నన్నేం లేపుతుంది? ప్రార్థన ఎక్కడ ఆగిందో నాకు గుర్తు లేదు. దేవుడికి గుర్తుండే ఉంటుంది, ఆయన లెక్క ఆయనకుంటుంది.

మా ఆవిడ టీ పక్కన పెట్టి, లోపలికి వెళ్ళి, కొలత టేపు తెచ్చి, దాని ఇత్తడి కొసతో నా బొటనవేలి మీద ఒక్కటి పొడిచింది.

"కానివ్వండి" అంది. "నా తప్పులు మన్నించు దగ్గర ఉన్నారు."